9.2 పాత నంబరే, కానీ ప్యాచ్ పడింది: వెర్షన్లు, రిపోజిటరీల లెక్క ఎలా నడుస్తుంది

2024 జులై 1న ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే దూరంలోని సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అవడానికి వాడే ప్రోగ్రాంలో, ఒక పెద్ద లోపం బయటపడింది. దానికి రెగ్రెస్‌ఎస్‌ఎస్‌హెచ్ అని పేరు పెట్టారు, అధికారిక నంబరు సీవీఈ-2024-6387. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా దూరం నుంచే సర్వర్ మీద రూట్ అధికారం, అంటే పూర్తి పెత్తనం, చేజిక్కించుకునే అవకాశం ఉన్న లోపం కాబట్టి అందరూ ఒకటే మాట చెప్పారు: 8.5పీ1 నుంచి 9.7పీ1 దాకా అన్నీ ప్రమాదమే, వెంటనే 9.8పీ1కి మారండి. లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 12 వాడేవాళ్లు అప్‌డేట్ కొట్టారు. కొట్టాక చూస్తే వెర్షన్ ఇంకా 9.2పీ1 అనే ఉంది. సెక్యూరిటీ స్కానర్ ఎర్రగా చూపిస్తోంది, పైవాళ్ల నుంచి మెయిల్ మీద మెయిల్, అడ్మిన్‌కి టెన్షన్.

నిజానికి ఆ సర్వర్‌లో లోపం పోయింది. అదే రోజు డెబియన్ 11 వాడుతున్నవాళ్ల దగ్గర 8.4పీ1 ఉంది, అంటే ఇంకా పాతది, అయినా ఈ లోపం వాళ్లకు అసలు లేనే లేదు. ఎందుకంటే 2006లో ఒకసారి సరిచేసిన తప్పు 8.5పీ1లో జరిగిన ఒక మార్పు వల్ల మళ్లీ తిరిగొచ్చింది, 8.4లో ఆ మార్పు లేదు. మరోవైపు సొంతంగా 9.7పీ1 కంపైల్ చేసి పెట్టుకున్నవాళ్లు, కాగితం మీద అందరికంటే కొత్త వెర్షన్‌లో ఉన్నవాళ్లు, ప్రమాదంలో ఉన్నారు. 8.4 క్షేమం, 9.2 క్షేమం, 9.7 ప్రమాదం. నంబరు పెద్దదైతే మంచిది అనే లెక్కతో చూస్తే ఇది అర్థం కాదు. నంబరు ఎవరు పెట్టారు, ఆ ప్యాకేజీ ఏ రిపోజిటరీ దారిలో మీ దాకా వచ్చింది, ఆ రిపోజిటరీ పద్ధతులు ఏంటి అనేవి తెలిస్తేనే నంబరుకు అర్థం వస్తుంది. ఓపెన్ సోర్స్‌లో వెర్షన్ల గురించి వచ్చే గందరగోళంలో చాలా భాగం ఇక్కడే మొదలవుతుంది కాబట్టి కాస్త మొదటి నుంచి చూద్దాం.

## రాసేవాళ్లు వేరు, మీ దాకా చేర్చేవాళ్లు వేరు

ప్రోగ్రాంను అసలు రాసే బృందాన్ని అప్‌స్ట్రీమ్ అంటారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కి అప్‌స్ట్రీమ్ ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు. వాళ్లు ఒక నంబరు వేసి సోర్స్ కోడ్‌ను ఒక కట్టగా విడుదల చేస్తారు, దాన్ని టార్‌బాల్ అంటారు. డెబియన్, ఫెడోరా, ఉబుంటు లాంటి డిస్ట్రోల (లైనక్స్‌ను మిగతా ప్రోగ్రాంలతో కలిపి అందించే ప్రాజెక్టుల) మెయింటెయినర్లు, అంటే ప్యాకేజీల బాధ్యత చూసేవాళ్లు, ఆ టార్‌బాల్ తీసుకుని, తమ సిస్టమ్‌కి సరిపోయేలా చిన్నచిన్న మార్పులు చేసి, కంపైల్ చేసి, దీనికి ఇంకా ఏ ప్యాకేజీలు కావాలో రాసి పెడతారు. అదీ ప్యాకేజీ. అలాంటి ప్యాకేజీలన్నీ ఉన్న గోదాం, దానికి సూచిక, ఆ సూచిక మీద డిజిటల్ సంతకం, ఈ మూడూ కలిస్తే ప్యాకేజీ రిపోజిటరీ. గిట్‌హబ్‌లో కోడ్ ఉండే చోటునీ రిపో అనే అంటాం గానీ అది వేరే విషయం. ఆ రెండూ ఒకటే అనుకోవడం ఎంత ప్రమాదమో కింద ఎక్స్‌జెడ్ కథలో కనిపిస్తుంది.

సంతకం సంగతి ఒక్క నిమిషం. డెబియన్‌లో ఇన్‌రిలీజ్ అనే ఫైల్ మీద డెబియన్ తాళంచెవితో సంతకం ఉంటుంది. ఆ ఫైల్‌లో ప్యాకేజీల జాబితా తాలూకు షా-256 హ్యాష్ (ఫైల్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) ఉంటుంది, ఆ జాబితాలో ఒక్కో ప్యాకేజీ హ్యాష్ ఉంటుంది. అంటే పైన ఒక్క సంతకం సరిచూస్తే కింద ఉన్న వేలాది ఫైళ్లలో ఏ ఒక్కటి మారినా ఆప్ట్, అంటే డెబియన్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్, పట్టేస్తుంది. అందుకే ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని మిర్రర్ (నకళ్లు ఉంచే సర్వర్) నుంచి, ఎన్‌క్రిప్షన్ లేని కనెక్షన్ మీద దించుకున్నా ఫర్వాలేదు. అయితే సంతకం చెప్పేది ఒకటే: ఈ ఫైల్ డెబియన్ దగ్గర నుంచే వచ్చింది, దారిలో ఎవరూ మార్చలేదు. లోపల ఉన్న కోడ్ మంచిదా కాదా అన్నది అది చెప్పదు.

## ఒక నంబరును విప్పి చూద్దాం

డెబియన్ 12లో ఆ లోపం పోయిన ప్యాకేజీ పూర్తి వెర్షన్ ఇది: 1:9.2పీ1-2+డెబ్12యూ3.

మధ్యలో ఉన్న 9.2పీ1 అప్‌స్ట్రీమ్ ఇచ్చిన నంబరు. ఆ పీ ఎందుకంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను మొదట ఓపెన్‌బీఎస్‌డీ కోసం రాస్తారు, లైనక్స్ లాంటి మిగతా సిస్టమ్‌లకు మార్చిన పోర్టబుల్ ముక్కకు పీ తగిలిస్తారు. దాని తర్వాత గీత పక్కన ఉన్న 2 డెబియన్ వాళ్ల లెక్క, అదే 9.2పీ1 సోర్స్‌ను వాళ్లు రెండోసారి ప్యాక్ చేశారని. చివర్లో ఉన్న డెబ్12యూ3 అసలు కీలకం: డెబియన్ 12 విడుదలయ్యాక ఈ ప్యాకేజీకి వచ్చిన మూడో అప్‌డేట్. జులై 1న డెబియన్ సెక్యూరిటీ టీమ్ 9.8పీ1 మొత్తాన్ని తెచ్చి పెట్టలేదు, ఈ లోపాన్ని మూసే కొద్దిపాటి మార్పును మాత్రం తీసుకుని 9.2పీ1 మీద అతికించింది. దీన్నే బ్యాక్‌పోర్ట్ అంటారు. స్కానర్ 9.2పీ1 వరకే చదివి ఆగిపోతే తప్పుడు రిపోర్టు వస్తుంది, తోక కూడా చదివితే సరైనది వస్తుంది.

ఇక ముందున్న 1:, దాన్ని ఎపోక్ అంటారు. ఆప్ట్ రెండు వెర్షన్లను పోల్చేటప్పుడు ముందు ఎపోక్ చూస్తుంది, ఆ తర్వాతే మిగతాది. అప్‌స్ట్రీమ్ వాళ్లు నంబర్ల పద్ధతే మార్చేస్తే, ఉదాహరణకు నిన్నటిదాకా 20230105 అని తేదీలు వేసి ఇవాళ 1.0 అంటే, కంప్యూటర్ లెక్కలో 1.0 వెనక్కి వెళ్లినట్టు. అప్పుడు 1:1.0 అని ఎపోక్ పెడతారు. ఒకసారి పెట్టాక ఇక తీయడం కుదరదు, ఆ ప్యాకేజీ ఉన్నంత కాలం మోయాల్సిందే, అందుకే మెయింటెయినర్లు దీన్ని వీలైనంత వరకు వాడరు.

పోలికలో ఇంకో రెండు సంగతులు చాలామందిని ఇబ్బంది పెడతాయి. 1.10 అనేది 1.9 తర్వాత వస్తుంది, ఎందుకంటే ఇది దశాంశం కాదు, చుక్కల మధ్య ఉన్న ఒక్కో ముక్క విడి సంఖ్య. రెండోది టిల్డె గుర్తు. 2.0కి ముందు వదిలే ట్రయల్ వెర్షన్‌ను 2.0~ఆర్‌సీ1 అని రాస్తే అది 2.0 కంటే చిన్నది. ఆ గుర్తు లేకుండా 2.0ఆర్‌సీ1 అని వేస్తే డెబియన్ లెక్కలో అది 2.0 కంటే పెద్దదైపోతుంది, అసలు రిలీజ్ వచ్చాక కూడా జనం దగ్గర ట్రయల్ వెర్షనే ఉండిపోతుంది.

## నంబరులో ఉన్న మాట, ఆ మాట నిలబడకపోతే

అప్‌స్ట్రీమ్ వాళ్లు నంబరు ఎలా వేస్తారన్నదానికి ఒకే పద్ధతి లేదు. ఎక్కువగా వినపడేది సెమాంటిక్ వెర్షనింగ్, దీన్ని గిట్‌హబ్ సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ రాశారు. మూడు సంఖ్యలుంటాయి. మన కోడ్‌ను వాడుకుంటున్నవాళ్ల ప్రోగ్రాం విరిగిపోయే మార్పు చేస్తే మొదటి సంఖ్య, పాతదాన్ని చెడగొట్టకుండా కొత్త సదుపాయం చేర్చితే రెండోది, తప్పులు మాత్రమే సరిచేస్తే మూడోది పెంచాలి. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలకు వాడే ఎన్‌పీఎమ్‌లో ^1.4.2 అని రాస్తే 1.4.2 నుంచి 2.0.0 లోపు ఏదైనా సరే అని అర్థం. 1.9.0 వస్తే తీసుకుంటుంది, 2.0.0 వస్తే తీసుకోదు. కానీ ^0.4.2 అంటే 0.5.0 లోపు మాత్రమే, ఎందుకంటే సున్నాతో మొదలయ్యే వెర్షన్లలో ఏదైనా ఎప్పుడైనా మారొచ్చు అన్నది ఆ పద్ధతిలోనే ఉంది.

అందరూ ఇలాగే వేస్తారనుకుంటే పొరపాటే. ఉబుంటు 24.04 అంటే 2024 ఏప్రిల్, అంతే, అది తేదీ. లైనక్స్ కెర్నల్ 2011లో 2.6.39 నుంచి 3.0కి వెళ్లినప్పుడు విరిగిపోయే మార్పు ఏదీ రాలేదు, సంఖ్యలు మరీ పొడవయ్యాయని దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ మార్చారు. కాబట్టి కెర్నల్ 5 నుంచి 6కి వెళ్లిందని భయపడటానికీ, పైథాన్ 2 నుంచి 3కి వెళ్లిందని భయపడటానికీ పోలికే లేదు. పైథాన్ 3 వచ్చింది 2008లో, పైథాన్ 2కి అప్‌స్ట్రీమ్ మద్దతు ఆగింది 2020 జనవరి 1న, మధ్యలో పదకొండేళ్లు లోకమంతా కోడ్ మార్చుకుంటూ కూర్చుంది.

సెమాంటిక్ వెర్షనింగ్ పాటించేవాళ్ల దగ్గర కూడా అది మనుషులు ఇచ్చే మాటే, యంత్రం తనిఖీ చేసి వేసే ముద్ర కాదు. ఒకరికి తప్పు సరిచేయడం అనిపించింది ఇంకొకరికి విరగడం కావచ్చు, ఎందుకంటే ఆ తప్పు ఉన్నట్టే అనుకుని వాళ్లు కోడ్ రాసుకుని ఉంటారు. అందుకే లాక్‌ఫైల్, అంటే ఇన్‌స్టాల్ అయిన కచ్చితమైన వెర్షన్లు రాసి ఉంచే ఫైల్, వచ్చింది. ^1.4.2 అనేది కోరిక, లాక్‌ఫైల్‌లో రాసి ఉన్న 1.7.3, దాని హ్యాష్, అది నిజంగా ఇన్‌స్టాల్ అయినది. రేపు ఇంకో మెషీన్ మీద బిల్డ్ చేసినా అదే రావాలి అంటే లాక్‌ఫైల్‌ను కోడ్‌తో పాటు కమిట్ చేయాల్సిందే.

## తలుపు తీసి ఉన్న గోదాం, కాపలా ఉన్న గోదాం

ఎన్‌పీఎమ్, పైథాన్‌కు పైపీఐ లాంటి ప్రోగ్రామింగ్ భాషల రిపోజిటరీల్లో రాసినవాళ్లే నేరుగా పబ్లిష్ చేస్తారు. కమాండ్ కొట్టిన నిమిషాల్లో ప్రపంచమంతా దించుకోవచ్చు, మధ్యలో చూసేవాళ్లు ఎవరూ ఉండరు. డెబియన్‌లో కొత్త ప్యాకేజీ ముందు అన్‌స్టేబుల్‌లోకి వెళ్తుంది, అక్కడ మామూలుగా 2 నుంచి 10 రోజులు ఉండి, కొత్తగా తీవ్రమైన బగ్గులేవీ రాకపోతే టెస్టింగ్‌లోకి దిగుతుంది. సుమారు రెండేళ్లకోసారి టెస్టింగ్‌ను ఆపి, సరిచేసి, స్టేబుల్‌గా విడుదల చేస్తారు. డెబియన్ 12 వచ్చింది 2023 జూన్ 10న, 13 వచ్చింది 2025 ఆగస్టు 9న. స్టేబుల్ అంటే చాలామంది క్రాష్ కానిది అనుకుంటారు గానీ ఇక్కడ అసలు అర్థం మారనిది అని. ప్రవర్తన మారదు, లోపాలు మాత్రం మూస్తారు.

మొదటి రకంలో వేగం ఉంది, రెండో రకంలో నిదానం ఉంది, ఈ తేడా ఎంత లోతుగా వెళ్తుందో 2016 మార్చిలో తెలిసింది. ఒక డెవలపర్‌కి తన ప్యాకేజీ పేరు విషయంలో ఒక కంపెనీతో గొడవ వచ్చింది, ఎన్‌పీఎమ్ ఆ పేరును కంపెనీకి ఇచ్చింది, ఆయన కోపంతో తన ప్యాకేజీలన్నీ తీసేశారు. అందులో లెఫ్ట్-ప్యాడ్ ఒకటి. అక్షరాల వరసకు ఎడమవైపు ఖాళీలు చేర్చే పదకొండు లైన్ల కోడ్ అది. దాని మీద ఆధారపడినవాటి మీద ఆధారపడినవి వేలల్లో ఉన్నాయి, బేబెల్, రియాక్ట్ లాంటి పేరున్న జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులు వాడే బిల్డ్‌లు ఆగిపోయాయి. ఎన్‌పీఎమ్ ఆ వెర్షన్‌ను తనే తిరిగి పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత నిబంధనలు బిగించారు. ఇప్పుడు పబ్లిష్ చేసి 72 గంటలు దాటితే, వేరేవాళ్లు వాడుతున్న ప్యాకేజీని తీసేయడం దాదాపు కుదరదు.

ఇక్కడే యాంక్ అనే మాట వినిపిస్తుంది. పైపీఐలో ఒక రిలీజ్‌లో తప్పు దొర్లిందనుకోండి, దాన్ని తుడిచేయకుండా యాంక్ చేయొచ్చు. కొత్తగా వచ్చేవాళ్లకు పిప్ (పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) దాన్ని ఎంచదు, కానీ కచ్చితంగా అదే వెర్షన్ కావాలని రాసుకున్నవాళ్లకు ఇస్తూనే ఉంటుంది. తుడిచేసినా సరే, అదే ఫైల్ పేరుతో ఇంకోసారి ఎక్కించనివ్వరు. 2.3.1 అంటే నిన్న ఒకటి, ఇవాళ ఇంకొకటి అయితే హ్యాష్‌లకూ లాక్‌ఫైళ్లకూ విలువే ఉండదు. తప్పు జరిగిందా, 2.3.2 వేయండి. చిన్న ప్రాజెక్టులు నడిపేవాళ్లు గిట్ ట్యాగ్‌ను, అంటే కోడ్ చరిత్రలో ఆ వెర్షన్‌కు పెట్టిన గుర్తును, జరిపి మళ్లీ అదే నంబరుతో విడుదల చేయడం ఇప్పటికీ కనిపిస్తుంది, అది వాడేవాళ్లకు నిజంగా హాని చేసే అలవాటు.

రెండు గోదాంలను కలిపి వాడినప్పుడు ఇంకో చిక్కు. కంపెనీ లోపల మాత్రమే ఉండే ప్యాకేజీ ఒకటి 1.2.0 అనుకుందాం. పిప్‌కి లోపలి రిపోజిటరీని ఎక్స్‌ట్రా ఇండెక్స్‌గా, అంటే పైపీఐతో పాటు వెతకాల్సిన ఇంకో చోటుగా, చూపించారు. పిప్ రెండు చోట్లా వెతికి పెద్ద నంబరు ఎక్కడుంటే అది తెస్తుంది. ఎవరో బయటివాళ్లు అదే పేరుతో పైపీఐలో 99.0.0 పెడితే అదే వచ్చి కూర్చుంటుంది. అలెక్స్ బిర్సన్ అనే పరిశోధకుడు 2021 ఫిబ్రవరిలో ఈ దారిని బయటపెట్టారు, ఆపిల్, మైక్రోసాఫ్ట్ సహా 35కి పైగా కంపెనీల్లోకి తన హాని లేని పరీక్ష కోడ్ వెళ్లగలిగిందని చూపించారు. పెద్ద నంబరే మంచిదన్న నమ్మకం మనుషుల్లోనే కాదు, టూల్స్‌లో కూడా ఉంది.

## ఎక్స్‌జెడ్: రెండు వ్యవస్థలకూ పరీక్ష

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న ప్రాజెక్టు, దాదాపు ప్రతి లైనక్స్ సిస్టమ్‌లో ఉంటుంది. ఏళ్ల తరబడి ఒక్క మెయింటెయినర్ ఖాళీ సమయంలో నడిపారు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి, రెండేళ్లకు పైగా ఓపికగా నిజమైన పనే చేసి, నమ్మకం సంపాదించి, రిలీజ్‌లు వేసే అధికారం తెచ్చుకున్నారు. 2024 ఫిబ్రవరి 24న 5.6.0, మార్చి 9న 5.6.1 వచ్చాయి. రెండింటిలోనూ దొంగదారి ఉంది. హానికర కోడ్‌ను పరీక్షల కోసం పెట్టిన ఫైళ్లలో దాచారు, దాన్ని మేల్కొలిపే స్క్రిప్ట్ మాత్రం గిట్‌లో, అంటే అందరూ చూసే కోడ్ రిపోలో, లేదు, విడుదల టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. గిట్‌లో కోడ్ చదివినవాళ్లకు కనపడదు, డిస్ట్రోలు బిల్డ్ చేసేదేమో టార్‌బాల్ నుంచి.

మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయింట్ దాన్ని బయటపెట్టారు. ఆయన మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్. డెబియన్ అన్‌స్టేబుల్ మీద ఏదో పనితీరు కొలుస్తుంటే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, వదలకుండా మూలం దాకా వెళ్లారు. డెబియన్ 12లో అప్పటికి ఉన్నది 5.4.1, కాబట్టి స్టేబుల్ వాడేవాళ్లకు ఏమీ కాలేదు. అన్‌స్టేబుల్, టెస్టింగ్, ఫెడోరా రాహైడ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ లాంటి కొత్తది వెంటనే తీసుకునే చోట్లకు అది చేరిపోయింది. ఉబుంటు 24.04 బీటాను వారం వాయిదా వేసి ప్యాకేజీలను మళ్లీ బిల్డ్ చేశారు.

డెబియన్ వెనక్కి వెళ్లాలి, కానీ ఆప్ట్ వెనక్కి వెళ్లదు, పెద్ద నంబరే తీసుకుంటుంది. ఎపోక్ పెడితే ఎప్పటికీ మోయాలి. అందుకని 5.6.1+రియల్లీ5.4.5-1 అని వేశారు. పోలికలో అది 5.6.1 కంటే పెద్దది, లోపల ఉన్నది మాత్రం 5.4.5. ఒక నంబరు పైకి ఒకటి, లోపల ఒకటి ఎందుకు చెబుతుందో దీనికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇదంతా చూసి నిదానంగా వెళ్లే డిస్ట్రోలే గెలిచాయనడం పూర్తి నిజం కాదు. అసలు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఎక్స్‌జెడ్‌ను వాడదు. సర్వీసులను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీకి సమాచారం ఇవ్వడానికి డెబియన్ లాంటి డిస్ట్రోలు తమ సొంత ప్యాచ్ వేసుకున్నాయి, ఆ ప్యాచ్ తెచ్చిన లైబ్రరీ ద్వారానే ఎక్స్‌జెడ్ ఎస్‌ఎస్‌హెచ్ లోపలికి వచ్చింది. దాడి చేసినవాళ్లు వాడుకున్నది ఆ దారినే.

## బ్యాక్‌పోర్ట్ మంచిదా, కొత్త వెర్షన్ మంచిదా

బ్యాక్‌పోర్ట్ వైపు వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. బ్యాంకు సర్వర్‌లో ఒక లోపం మూయడానికి ఆరు నెలల కొత్త మార్పులన్నీ మింగాలా? చిన్న ప్యాచ్ అయితే చదవొచ్చు, పరీక్షించొచ్చు, రాత్రికి రాత్రి వేసి నిద్రపోవచ్చు.

అప్‌స్ట్రీమ్ వైపు బాధ కూడా నిజమే. డిస్ట్రోలో మూడేళ్ల పాత వెర్షన్ వాడేవాళ్లు ఎప్పుడో సరిచేసిన బగ్గుల గురించి రాసినవాళ్లను అడుగుతుంటారు. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రాసిన జేమీ జవిన్‌స్కీ విసిగిపోయి, వెర్షన్ బాగా పాతదైతే హెచ్చరిక చూపించేలా కోడ్‌లోనే పెట్టారు. 2016లో అది డెబియన్ స్టేబుల్ వాళ్ల తెరల మీద కనపడేసరికి పెద్ద గొడవైంది, అయితే అప్‌డేట్ చేయండి లేదా తీసేయండి అని ఆయన పట్టుబట్టారు. దానికంటే తీవ్రమైనది 2008 మే నాటి సంగతి. 2006లో డెబియన్ మెయింటెయినర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో ఒక హెచ్చరికను పోగొట్టడానికి తీసిన లైన్ వల్ల యాదృచ్ఛిక సంఖ్యలకు మూలం ప్రాసెస్ నంబరు ఒక్కటే మిగిలింది. ఒక్కో రకం, ఒక్కో సైజు తాళంచెవికి 32,768 కంటే ఎక్కువ సాధ్యం కాదు, అన్నీ ముందే లెక్కేసి పెట్టుకోవచ్చు. దాదాపు రెండేళ్లు డెబియన్, ఉబుంటు మెషీన్ల మీద తయారైన కీలన్నీ మార్చాల్సి వచ్చింది. ఇతరుల కోడ్‌ను సరిగ్గా అర్థం చేసుకోకుండా ముట్టుకుంటే ఏమవుతుందన్నదానికి ఇది ఇప్పటికీ చెప్పుకునే ఉదాహరణ.

డెబియన్ కూడా అన్నిటికీ బ్యాక్‌పోర్ట్ చేయదు. ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లో ప్రతి నెలా డజన్ల లోపాలు మూస్తారు, వాటిని ఒక్కొక్కటిగా పాత వెర్షన్ మీద అతికించడం అయ్యే పని కాదు. అందుకని స్టేబుల్‌లో కూడా ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్ (ఎక్కువ కాలం మద్దతు ఉండే రకం) కొత్త వెర్షన్‌నే నేరుగా తెస్తారు. నా లెక్క ప్రకారం బ్యాక్‌పోర్ట్ విలువ ఆ కోడ్ తెలిసిన మనిషి దాన్ని చేస్తున్నారా లేదా అన్నదాని మీదే ఉంటుంది, సిద్ధాంతం మీద కాదు.

## కొత్త వెర్షన్ రాగానే తీసుకోవాలా, కొన్నాళ్లు ఆగాలా

2025 సెప్టెంబరులో ఎన్‌పీఎమ్‌లో చాక్, డీబగ్ లాంటి బాగా వాడే ప్యాకేజీల మెయింటెయినర్‌కు దొంగ మెయిల్ పంపి, ఖాతా పట్టుకుని, హానికర వెర్షన్లు పెట్టారు. కొద్ది గంటల్లోనే పట్టుకుని తీసేశారు. అదే నెలలో షాయ్-హులూద్ అనే పురుగు ఒక ప్యాకేజీ నుంచి ఇంకోదానికి తనంతట తాను పాకింది. అప్పటి నుంచి కూల్‌డౌన్ అనే ఆలోచన బలపడింది, అంటే విడుదలై ఇన్ని రోజులు దాటని వెర్షన్‌ను ఇన్‌స్టాల్ చేయొద్దు అని టూల్‌కి చెప్పడం. ఎన్‌పీఎమ్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఇంకో టూల్ పీఎన్‌పీఎమ్‌లో దీనికి సెట్టింగ్ ఉంది.

దీనికి ఎదురుగా లాగ్4జే ఉంది, జావా ప్రోగ్రాంలు తమ లాగ్‌లు రాయడానికి వాడే లైబ్రరీ అది. 2021 డిసెంబరులో దానిలో ఒక తీవ్రమైన లోపం బయటపడ్డాక ఆ ఒక్క నెలలోనే 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 వరసగా వచ్చాయి, ముందుదానిలో మిగిలిన రంధ్రాన్ని తర్వాతది మూస్తూ. అప్పుడు వారం ఆగుదాం అన్నవాళ్లు దాడులు జరుగుతున్న వారమంతా తలుపు తీసి పెట్టినట్టే. అందుకే గిట్‌హబ్ డిపెండబాట్ (వాడే ప్యాకేజీలకు అప్‌డేట్లు సూచించే టూల్)లో కూల్‌డౌన్ పెట్టినా అది మామూలు వెర్షన్ అప్‌డేట్లకే వర్తిస్తుంది, భద్రత అప్‌డేట్లు ఆగవు.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది: అందరూ ఆగితే దొంగను ఎవరు పట్టుకుంటారు? చాక్ లాంటి దాడుల్లో కొత్త ప్యాకేజీలను యంత్రాలతో జల్లెడ పట్టే భద్రత కంపెనీలు ఉన్నాయి, వాటికి మన ఇన్‌స్టాల్‌తో పని లేదు, కాబట్టి ఆగడం నిజంగా ఉపయోగమే అంటారు కూల్‌డౌన్ వైపువాళ్లు. ఎక్స్‌జెడ్ విషయంలో ఆ వాదన నిలవదు. 5.6.0 వచ్చాక 34 రోజులు ఏ యంత్రమూ దాన్ని పట్టుకోలేదు, వారం ఆగినవాళ్లకు కూడా అది వచ్చేది. పట్టుకున్నది అన్‌స్టేబుల్ వాడుతూ అర సెకను తేడాను పట్టించుకున్న ఒక మనిషి.